కోకో లారీ దగ్గర తాత చదివిన మాట

రాజనర్సు తాత రహస్యం చెప్పాడంటే గల్లీ చివర పాన్ డబ్బావాడు కూడా తల ఊపేవాడు. తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినపడదేమోనని ఆయన అనుమానం. పొద్దున్నే చెంబు పట్టుకుని వచ్చి, "ఏమే, నాల్గు దినాల సంది కడుపు సాఫ్ అయితలేదే!" అని భార్య లలితమ్మకు చెవిలో చెప్పినట్టే చెప్పేవాడు. సూరత్‌లోని లింబాయత్‌లో నేతపని చేసుకునే ఆ వాడకట్టు సాలోళ్ల ఇళ్లన్నీ ఆ ముక్క విన్నాకే పనుల్లో పడేవి.

చెవులు పోయింది సూరత్ వచ్చాకే. సిరిసిల్ల దగ్గరి పల్లెలో చేతిమగ్గం మీద కూర్చున్నన్నాళ్లూ ఆయనవి పిల్లి చెవులే. ఇక్కడ రేకుల కప్పు కింద వరుసగా సాంచాలు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్కటి నడిస్తేనే పక్కింట్లో గిన్నెలు కదులుతాయి, అలాంటివి ఒకే కప్పు కింద పదుల కొద్దీ. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ. పోగును మోసుకుతిరిగే నాడె అటు కొట్టుకుని, ఇటు కొట్టుకుని, ఏళ్ల తరబడి ఆయన చెవులనే కొట్టింది. "చెవులు సేఠ్‌కు ఇచ్చి జీతం తెచ్చుకుంటున్న" అని తాత నవ్వేవాడు. ఆ నవ్వు కూడా గల్లీ చివరిదాకా వినపడేది.

అయితే కార్ఖానాలో ఆయన చెవిటివాడు కాదు. ఆ చప్పుడులో అందరూ చెవిటివాళ్లే కదా. అక్కడ మాట్లాడేది పెదవులతో, వేళ్లతో. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ వచ్చిందని. బుగ్గలు ఉబ్బిస్తే సేఠ్ వస్తున్నాడని, ఆయన మొహం అలా ఉండేది మరి. ఒడిశావాళ్లతో వేళ్లు సరిపోయేవి. తెలుగువాళ్లతో అయితే గొంతు లేకుండా పెదవులతోనే అన్నీ నడిచేవి: ఊరి కబుర్లు, తిట్లు, పెళ్లి సంబంధాలు. పోగుల ధూళిలోంచి ఆ చివరి సాంచా దగ్గరున్నవాడు భార్యతో తగువు పడిన సంగతి ఈ చివర తాత చదివేసేవాడు.

లలితమ్మ కూడా ఆ చదువు చదువుకుంది. రోజూ అన్నం డబ్బా తెచ్చి కార్ఖానా గడప దగ్గర నిలబడి, "పచ్చిపులుసు పోసిన, ఒలకబొయ్యకు" అని పెదవులతో చెప్పేది. అలా చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా అదే అలవాటైంది. కోడలు భాగ్యలక్ష్మి ఎదురుగానే అత్తామామలు ఘోరంగా తగువులాడుకునేవారు. గొంతు ఉండదు కనక పాపం ఆ పిల్ల వాళ్లేదో దేవుణ్ని తలుచుకుంటున్నారనుకునేది. మనవరాలు సుమనకు మాత్రం ఆ గుట్టు తెలుసు. ఏడేళ్ల పిల్ల. బడిలో గుజరాతీ, గల్లీలో హిందీ, ఇంట్లో తెలుగు, తాతతో పెదవులు. తాతను ముసలి కోతి అని పెదవులతోనే అనేది. తాత కూడా చప్పుడు లేకుండా పిల్ల కోతి అనేవాడు.

కొడుకు నరేశ్‌కు ఈ విద్య రాలేదు. చిన్నప్పుడే "నేను సాంచాల మొహం సూడ" అని భీష్మించి, హజీరాలో ఒక కంపెనీలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. కంపెనీ బస్సులో పోయి వస్తాడు. అతని లెక్కలో నాయన చెవిటివాడు, అంతే. పక్కకు పోయి మెల్లగా మాట్లాడితే నాయనకు ఏదీ అందదని అతని నమ్మకం.

సూరత్‌కు ప్లేగు వచ్చి పోయిన రెండో ఏడు దీపావళి అది. ఆ ఏడు వానల నుంచే లలితమ్మకు కడుపులో నొప్పి. మొదట గ్యాస్ అన్నారు. తర్వాత పుండు అన్నారు. తర్వాత ఏమీ అనకుండా పెద్దాసుపత్రికి రాసిచ్చారు. డాక్టర్లు చెప్పేది తాతకు వినపడదు, వాళ్ల మూతికి గుడ్డలు కట్టి ఉంటాయి కనక చదవడానికీ వీల్లేదు. అందుకని ఆసుపత్రి పనంతా నరేశే చూసేవాడు. తాతకు తెలిసింది ఒక్కటే: డబ్బాలో రంగురంగుల మాత్రలు ఉన్నంత కాలం ఆమెకు ఏమీ కాదు. ఆ మాత్రలు తన జీతంలోంచే వస్తాయి. సాంచా నడిస్తే మందు నడుస్తుంది, మందు నడిస్తే లలితమ్మ నడుస్తుంది. ఇంతకంటే పెద్ద లెక్క ఆయనకు అక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే కార్ఖానాలో గుసగుస పుట్టింది. సేఠ్ పాత సాంచాలు తీసేసి పల్సానాలో కొత్త మిషన్లు పెడతాడట. దీపావళి సెలవుల తర్వాత ఈ షెడ్డు బందేనట. తాత వయసువాణ్ని కొత్త మిషన్ దగ్గరికి ఎవరు రానిస్తారు? పండగ ముందు మిఠాయి డబ్బా అందుకుంటూ తాత సేఠ్ పెదవుల కేసి కళ్లార్పకుండా చూశాడు. సేఠ్ గుట్కా నములుతున్నాడు. ఆ పెదవుల మీద గుట్కా తప్ప ఇంకేమీ చదవలేకపోయాడు.

ఏటా ఈ సెలవులకు ఊరికి రైలెక్కేవాళ్లు. ఈసారి వద్దన్నాడు నరేశ్. ఆసుపత్రి వాళ్లు రిపోర్టు ఇస్తారని మాత్రం చెప్పాడు.  లలితమ్మ రెండు రోజులు ఊరుకుని మూడో రోజు కొత్త పాట ఎత్తుకుంది.

"ఊరు లేకుంటె లేదు. నన్ను చౌక్ కాడి రాత్రి బజారుకన్న తీస్కపోరి. సూరత్‌కు వచ్చిన కాన్నుంచి వింటున్న, ఒక్కనాడన్న తిన్ననా?"

తినలేదు. ఎందుకంటే తాతకు బయటి తిండి అంటే గిట్టదు. "గా నూనెల మోటర్ నడుస్తది" అనేవాడు. పైగా కార్ఖానాకు వారానికోసారి కరెంటు ఆపితే ఆయనకు వచ్చే సెలవు ఒక రోజు, నరేశ్‌కు వారం సెలవు ఇంకో రోజు. ఊరికి పోయే రోజుల్లో తప్ప ఇంటిల్లిపాదికీ ఒకే రోజు సెలవు వచ్చిన పాపాన పోలేదు.

ఆ రోజు మాత్రం తాత వెంటనే సరే అన్నాడు. అనడానికి ఆయన కారణం ఆయనకుంది. కార్ఖానా మేస్త్రి ముత్యం పండగ పూట అడాజన్‌లో సేఠ్ బంగళా దగ్గర కాపలా ఉన్నాడు. సేఠ్ మనసులో ఏముందో ముత్యానికి ఆ సాయంత్రానికి తెలిసిపోతుంది. నరేశ్ బస్సు వచ్చేది అటు మీంచే.

"అరేయ్, డ్యూటీ నుంచి సీద చౌక్‌కు రా. దారిల ముత్యంను అడిగి రా, షెడ్డు బందా, గాదా అని. మర్వకు," అని తాత పొద్దున కొడుక్కు రహస్యంగా చెప్పాడు. వాడకట్టంతా విన్నది.

"సరే బాపూ," అన్నాడు నరేశ్. అతను మరిచిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నమే డ్యూటీ వదిలి పెద్దాసుపత్రికి పోయాడు, రిపోర్టు కోసం. అక్కడి నుంచి వచ్చేటప్పుడు అతనికి తన పేరు గుర్తుంటే అదే గొప్ప.

ఇక్కడ వీళ్లు సాయంత్రం నుంచే తయారయ్యారు. లలితమ్మ మెరిసే గులాబీ చీర కట్టింది. అది తన మొగుడు నేసిందే అని ఆమె వాదన. తాత నేసేది రంగులేని గుడ్డ తాను. అది ఎటు పోయి ఏ రంగు పూసుకుని ఎవరి ఒంటి మీదికి పోతుందో ఆయనకే తెలియదు. అయినా ఎప్పుడడిగినా అంచు పట్టుకుని చూసి, "ఆ, నాదే" అనేవాడు. రవికె వదులై భుజం మీద నిలవకపోతే భాగ్యలక్ష్మి పిన్నీసు పెట్టింది. తాత అది చూసి, మందు పనిచేస్తోంది, ఒంట్లో వాపు దిగింది అనుకున్నాడు.

ఆటోలో సుమన తాత ఒళ్లో కూర్చుంది. "బాపమ్మా, ఫస్ట్ ఆలూపూరీ లారీ, ఫిర్ లోచో లారీ, ఫిర్ కోకో!" అని వేళ్లు మడిచింది.

లలితమ్మ నవ్వింది. ఈ ఊళ్లో తోపుడుబండిని లారీ అంటారు. కొత్తగా వచ్చినప్పుడు ఎవరో "లారీ కాడ బజ్జీలు మంచిగుంటయి" అంటే, ఆమె రింగు రోడ్డు మీద బట్టల మూటలు దింపుకుంటున్న లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, డ్రైవరును బజ్జీలు అడిగి వచ్చింది.

"డ్రైవర్ ఏమన్నడు బాపమ్మా?"

"గాడు పంజాబోడు బిడ్డా. పాపం, వాని కాడున్న రొట్టె ఇచ్చిండు."

"తిన్నవా?"

"తినకుంటె బాగుండదని తిన్న."

తాతకు ఇదేదీ వినపడలేదు. కానీ ముందు అద్దంలో లలితమ్మ పెదవులు కనపడుతున్నాయి కనక సమయానికే నవ్వాడు.

చౌక్ దగ్గర బజారు అప్పటికే పట్టపగలులా ఉంది. బళ్ల మీద గ్యాసు దీపాలు, దీపాల చుట్టూ పొగ, పొగలో జనం. గుజరాతీ కుటుంబాలు నలుగురేసి ఒక్క స్కూటర్ మీద దిగుతున్నారు. పెనాల మీద గరిటెల టకటక. భాగ్యలక్ష్మి చెవులు మూసుకుంది. తాతకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఇంత చప్పుడులో ఎవరికీ ఏమీ వినపడదు, అందరూ ఆయనలాంటివాళ్లే అయిపోయారు. పైగా అడుగడుక్కీ వెలుగు, ఎవరి పెదవులైనా చదవొచ్చు. ఒక బజ్జీల బండి ముందు బల్ల దొరికితే అందర్నీ కూర్చోబెట్టి, తాను చివర కూర్చుని జనం పెదవులు చదవడం మొదలుపెట్టాడు. గుజరాతీ అంత బాగా రాదు. అయినా ఎదురుగా ఒక కొత్త పెళ్లికొడుకు పెళ్లాన్ని బతిమాలుతున్నాడని అర్థమై, "ఇడువు బిడ్డా, పాపం!" అని అరిచాడు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. సుమన బల్ల కింద దూరింది.

నరేశ్ వచ్చేసరికి టమాటా బజ్జీలు వచ్చాయి. అతను తల్లి పక్కన నిలబడి ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ అలా వేసినవాడు కాదు.

"ఏందిరా, దీవిస్తున్నవా?" అంది లలితమ్మ.

"ఏం లేదవ్వా. తింటున్నవా? కారం తక్కువ ఏయించినవా?" అని ఏదేదో అడిగి, "భాగ్యా, దా, కోకో తెద్దాం" అని భార్యను తీసుకుని గల్లీ అవతలికి పోయాడు. అక్కడ కోకో లారీ ఉంది. చల్లటి చాక్లెట్ పాలు గ్లాసుల్లో పోసి వరుసగా పెట్టారు. పైన పెద్ద బల్బు. దాని కింద నరేశ్ మొహం గోడ మీద అంటించిన పోస్టరులా స్పష్టంగా ఉంది.

నాయనకు వినపడదనే కదా అంత దూరం పోయింది. పాపం, మొహం మాత్రం ఇటే తిప్పి నిలబడ్డాడు.

ముత్యం సంగతే అనుకున్నాడు తాత. ముత్యం ఏం చెప్పాడో ఇప్పుడు భార్యకు చెబుతున్నాడు. తనకు ముందు చెప్పడానికి భయపడుతున్నాడంటే ఏదో ఉంది. తాత బజ్జీ చేత్తో పట్టుకునే కళ్లు చికిలించి చూశాడు. మధ్యలో జనం అడ్డం వచ్చారు. ఒక లావుపాటి ఆమె అడ్డం నిలబడి చచ్చేంతసేపు చిల్లర ఏరుకుంది. ఆమె తప్పుకోగానే నరేశ్ పెదవులు కదలడం కనపడింది. నాలుగే మాటలు. సాంచాల మీద ఇన్నేళ్లు పనిచేసినవాడికి అవి అక్షరాల్లా కనపడ్డాయి.

"ఇగ బందు లేదు అన్నడు."

తాత ఊపిరి వదిలాడు. ఇగ బందు లేదు. షెడ్డు మూయరు. భాగ్యలక్ష్మి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చూడు, పిచ్చిపిల్ల, ఎంత సంబురపడుతోందో అనుకున్నాడు.

పెదవుల చదువులో ఒక గుంట ఉంది. ప, బ, మ ఈ మూడూ పెదవులు రెండూ అతికితేనే పలుకుతాయి. చెవి ఉంటే వేరు వేరు. కంటికి మాత్రం మూడూ ఒక్కటే. కార్ఖానాలో అది ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో ముందే తెలిసి ఉండేది. ఆ రాత్రి కూడా కొడుకు దేని గురించి మాట్లాడుతున్నాడో తనకు తెలుసనే తాత అనుకున్నాడు.

నరేశ్ అన్నది "ఇగ మందు లేదు అన్నడు" అని. అన్నది డాక్టర్.

భార్యాభర్తలు కోకో గ్లాసులు పట్టుకుని తిరిగి వచ్చారు. భాగ్యలక్ష్మి కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకు, అంది అడగకుండానే. తాతకు ఆగలేదు.

"అరేయ్, ముత్యం గల్సిండా?"

నరేశ్ బిక్కమొహం వేశాడు. ముత్యం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తల్లి మొహం చూశాడు, నాయన మొహం చూశాడు. ఆ పూటకు ఇంకో చెడ్డ మాట ఎవరికీ వద్దనుకున్నాడు కాబోలు.

"ఆ... కల్సిండు బాపూ. అంత మంచిదే. నువ్వు తిను."

"నాకెర్కేరా!" అని తాత బల్ల మీద ఒక్కటి చరిచాడు. కోకో గ్లాసు ఒకటి ఒరిగింది. "నాకెర్కే! ఓ భయ్యా! ఔర్ దో ప్లేట్!"

ఇక ఆ పూట తాతను పట్టడం ఎవరి వల్లా కాలేదు. నూనెలో మోటారు నడుస్తుందన్న మనిషి ఆలూపూరీ తిన్నాడు, ఉడికించిన శనగపిండి లోచో తిన్నాడు. లోచో చేత్తో పట్టుకుంటే జావలా జారిపోతుంటే, "ఇదేందిరా, ఎవలో సగం తిని ఇడిసిపెట్టినట్టున్నది" అని బండివాడి మొహం మీదే అన్నాడు. వాడికి తెలుగు రాదు కనక "థ్యాంక్యూ కాకా" అన్నాడు. సుమన పొట్ట పట్టుకుని నవ్వింది. తాత లేచి, కొత్తగా చేరిన ఒడిశా కుర్రవాడు సాంచా ఎలా నడుపుతాడో చేసి చూపించాడు. నాడె ఎగిరి సేఠ్ బుగ్గకు తగలడం చేసి చూపించాడు, సేఠ్ ఎగరడం కూడా. పక్క బల్లల వాళ్లు తిండి మానేసి చూశారు.

లలితమ్మ నవ్వుతోంది. కడుపు మీద ఒక చెయ్యి అదిమిపెట్టుకుని మరీ నవ్వుతోంది. "సాలయ్యా, కూసో, నలుగురు సూస్తున్నరు!" అని పైట మూతికి అడ్డం పెట్టుకుంది.

నరేశ్ మాత్రం బల్ల చివర తలొంచుకుని, ఒకే పూరీని చిన్న చిన్న ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. భాగ్యలక్ష్మి ఎటో చూస్తోంది.

"వీళ్లకేమైందే?" అన్నాడు తాత, కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ. తర్వాత ఇది నిజంగా రహస్యం కనక గొంతు వాడలేదు. లలితమ్మ వైపు తిరిగి పెదవులతో చెప్పాడు. "కార్ఖానా ఏం గాదంట. నీకు చెప్పొద్దనుకున్న, అది మూస్తరని భయపడ్డ. ఇప్పుడు ఫికర్ లేదు. నీ మందులకు ఫికర్ లేదు."

"ఎవలన్నరు?" అన్నాయి లలితమ్మ పెదవులు.

"నరేశే. గా కోకో లారీ కాడ భాగ్యకు చెప్తుంటె సూసిన. 'ఇగ బందు లేదు అన్నడు' అన్నడు. నా కండ్లతోటి సూసిన." చెబుతూ తాత పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. కొడుకు ఎలా అన్నాడో అలాగే, మెల్లగా, ఇంకోసారి అని చూపించాడు. "ఇగ బందు లేదు."

లలితమ్మ చేతిలో బజ్జీ ఉంది. అది నోటిదాకా పోలేదు. ఆమె కొడుకు వంక చూసింది, ముక్కలైన పూరీ వంక చూసింది. కోడలి కళ్లు చూసింది. తర్వాత తన పెదవులు ఒక్కసారి, గొంతు లేకుండా, ఆ మాటను పలికి చూసుకున్నాయి. తాత అది చూశాడు. తన మాటే సంతోషంతో తిరిగి అనుకుంటోంది అనుకున్నాడు.

"మంచిగైంది," అంది లలితమ్మ. ఈసారి గొంతుతోనే అంది. తాతకు వినపడకపోయినా అర్థమైంది.

చేతిలోని బజ్జీ కొరికి, "ఇంకో ప్లేటు చెప్పరాదయ్యా. కారం ఏయమను మంచిగ," అంది.

"అవ్వా, డాక్టర్ కారం వద్దన్నడు—" అని నరేశ్ తల ఎత్తాడు.

"నువ్వూకో కొడుకా. నేను తింట," అంది లలితమ్మ అతని కళ్లలోకి చూస్తూ. నరేశ్ తల దించుకున్నాడు.

ఆమె కారం బజ్జీలు తిన్నది, కోకో తాగింది. తిన్నది నిజానికి కొంచెమే, పక్కకు నెట్టింది ఎక్కువ. సుమన మూతికి అంటిన చాక్లెట్ మీసం తుడిచి, ఆ కొంగుతోనే తాత మూతి కూడా తుడిచింది. అందరి ముందు అలా చేసేసరికి తాత సిగ్గుపడి, "ఏందే గిది" అన్నాడు. ఇంటికి పోయేటప్పుడు ఆటోలో అందరూ కిక్కిరిసి కూర్చున్నారు. దారంతా తాత ఒక్కడే మాట్లాడాడు.

దీపావళి సెలవులు ముగిసే లాభ్ పంచమి నాడు సూరత్ అంతా తాళాలు తీస్తుంది. తాత పొద్దున్నే తలంటుకుని, కొబ్బరికాయ, ఊదుబత్తులు సంచిలో వేసుకుని కార్ఖానాకు పోయాడు. గేటు తెరిచే ఉంది. లోపల మాత్రం ఆయనకు తెలిసిన చప్పుడు కాళ్ల కింద తగలలేదు. చెవిటివాడికి సాంచాలు నడుస్తున్నాయో లేదో నేలే చెబుతుంది. నేల ఊరికే ఉంది. లోపల గ్యాసు మంటతో సాంచాలను ముక్కలుగా కోస్తున్నారు. పాత ఇనుము టెంపోలోకి ఎక్కుతోంది. తన సాంచా సగం కోసి ఉంది.

ముత్యం ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదేందిరా? బందు లేదన్నవట గద!"

"నేనెవలికన్న మామా?" అన్నాడు ముత్యం. "నరేశ్ నా కాడికి రానేరాలె. సేఠ్ బేరం పండుగకు ముందే ఖతం జేసిండు."

తాత కొబ్బరికాయ సంచిలోనే పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ వారం నరేశ్‌కు రాత్రి డ్యూటీ, అప్పుడే ఇంటికి వచ్చి చాయ్ తాగుతున్నాడు. లలితమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది. నాలుగు రోజులుగా ఎక్కువ సేపు పడుకునే ఉంటోంది.

"నువ్వు ముత్యం కాడికి పోలేదటగా! మరి అబద్ధం ఎందుకు చెప్పినవ్‌రా?" తాత గొంతుకు వాడకట్టు తలుపులు తెరుచుకున్నాయి. "అంత మంచిదే అన్లేదా? కోకో లారీ కాడ నీ పెండ్లానికి చెప్పలేదా, ఇగ బందు లేదు అన్నడని? నేను సూడలేదా?"

నరేశ్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది భాగ్యలక్ష్మికి. చేతిలో చాయ్ గిన్నె కింద పెట్టి మొగుడి వంక చూసింది. తర్వాత నరేశ్‌కూ అర్థమైంది.

"బందు గాదు బాపూ," అన్నాడు మెల్లగా. "మందు."

తాత ఆ పెదవుల వంకే చూస్తున్నాడు. "బందే! నేను గదే అంటున్న! బందు లేదన్నవ్!"

"బందు గాదు. మందు... మందు..."

"మల్ల గదే అంటడు!"

గట్టిగా అరిస్తే తాత చెవికి కొంచెం ఎక్కుతుంది. కానీ లోపల తల్లి ఉంది. గట్టిగా ఎలా అరుస్తాడు? మెల్లగా అంటే పెదవుల మీద రెండూ ఒకటే. నరేశ్ నాయన రెండు భుజాలూ పట్టుకుని, చప్పుడు లేకుండా అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. తాత అదే తప్పు మళ్లీ మళ్లీ చదువుతున్నాడు. సుమన గోడకు అంటుకుపోయి నిలబడింది. తాత అంత పెద్ద మొద్దు అని ఆ పిల్లకు అంతకుముందు తెలియదు.

లోపలి నుంచి లలితమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. కొడుకును పక్కకు జరిపింది. తాత చెవి దగ్గర మూతి పెట్టి, జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"మందయ్యా, మందు! నాకిగ మందు లేదన్నడు డాక్టర్! బందు గాదు!"

వాడకట్టంతా విన్నది. పాన్ డబ్బావాడు కూడా విన్నాడు. నరేశ్ "అవ్వా, నీకెవలు చెప్పిండ్రవ్వా?" అని ఏడ్చాడు.

లలితమ్మకు అంత అరిచేసరికి ఊపిరి ఆడలేదు. తాత ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. తానూ పక్కన కూర్చున్నాడు. ఒళ్లోని సంచిలో కొబ్బరికాయ అలాగే ఉంది. ఆమె వైపు తిరిగి పెదవులు కదిపాడు. అంతసేపూ వాడకట్టంతా విన్న గొంతు ఈసారి ఇంట్లోవాళ్లకు కూడా వినపడలేదు.

"నీకెట్ల ఎర్కనే?"

ఆమె కూడా పెదవులతోనే చెప్పింది. చూసేవాళ్లకు ఇద్దరూ దేవుణ్ని తలుచుకుంటున్నట్టే ఉంది.

"బజ్జీల కాడ నువ్వే గదయ్యా చెప్పినవ్."

తాత మొహం ఎలాగో అయిపోయింది. రెండు చేతులతో మూతి కప్పుకున్నాడు.

"నవ్వుకుంట చెప్పినవ్," అన్నాయి ఆమె పెదవులు. "వాడు చెప్తె ఏడుసుకుంట చెప్తుండె. డాక్టర్ చెప్తె మూతికి గుడ్డ కట్టుకోని చెప్తుండె. నువ్వయితె పండ్లన్ని బయటబెట్టుకోని చెప్పినవ్. గందుకే బజ్జీలు గొంతు దిగినయ్."

తాత ఏదో అంటున్నాడు. చేతులు మూతికి అడ్డం ఉన్నాయి కనక ఏమంటున్నాడో ఆమెకు కనపడలేదు. ఆ చేతులను ఒక్కొక్కటిగా కిందికి దించింది. అప్పుడు కూడా తెలియలేదు, పెదవులు అంతగా వణుకుతున్నాయి.

"జర నిమ్మలంగ చెప్పు," అంది. "రేపటి నుంచి నీకు డ్యూటీ లేదు గద. దినమంత ఇంట్లనే ఉంటవు. చెప్పు, వింట."